ఒక బిందువు, ఒక వాలు: సరళరేఖ సమీకరణం నేర్పే చదువు

(గణిత అధ్యాపకుల స్మారక ధర్మనిధి ఉపన్యాస పాఠం)



స్మారకోపన్యాసం అనగానే పెద్ద సిద్ధాంతమేదో ఎంచుకోవాలనిపిస్తుంది. గణితంలో అలాంటివాటికి కొదవ లేదు. నేను మాత్రం ఇంటర్మీడియట్ మొదటి ఏడాది విద్యార్థి ఎవరినడిగినా నోటికి చెప్పగల ఒక్క సమీకరణం గురించి మాట్లాడదామని వచ్చాను. నాకు గణితం చెప్పిన, ఎవరి పేరిట ఈ ధర్మనిధి నడుస్తోందో ఆ మాస్టారు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎంతో ఇష్టంగా చెప్పిన పాఠం అదే. ఒక బిందువు, ఒక వాలు ఇస్తారు. ఆ బిందువు గుండా ఆ వాలుతో వెళ్లే సరళరేఖకు సమీకరణం రాయాలి. ‘వై మైనస్ వై వన్ ఈజ్ ఈక్వల్ టు ఎమ్ ఇన్‌టు ఎక్స్ మైనస్ ఎక్స్ వన్’ అని మనమందరం వల్లె వేసినవాళ్లమే. పుస్తకంలో దాని పేరు వాలు–బిందు రూపం.

అదే అధ్యాయంలో సరళరేఖకు ఇంకా రూపాలున్నాయి. వాలు–అంతరఖండ రూపం, అంతరఖండ రూపం, రెండు బిందువుల రూపం, అభిలంబ రూపం, సౌష్ఠవ రూపం. వీటన్నిటినీ ఒక పట్టికగా రాసుకుని, లెక్కలో ఏమిచ్చారో చూసి, సరిపడే సూత్రం వెతికి విలువలు వేయడం మనకు అలవాటైపోయింది. మాస్టారు ఆ పట్టికను బోర్డు మీదికి రానిచ్చేవారు కాదు. ఒక చోటు తెలిసి, అక్కడి నుంచి ఎలా కదలాలో తెలిస్తే రేఖంతా తెలిసినట్టేనని, మిగతా రూపాలన్నీ ఆ ఒక్క మాటను వేరువేరు సందర్భాలకు తగ్గట్టు చెప్పుకోవడమేనని ఆయన పట్టుబట్టేవారు. ఆ పట్టుదల ఎంత సరైనదో మీ ముందు నిరూపించడమే ఈ రోజు నా పని.

1. సమీకరణం చెప్పే మాట

మొదట ఆ సమీకరణం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఒక సరళరేఖ మీద రెండు బిందువులు తీసుకుంటే, ఒకదాని నుంచి రెండోదానికి వెళ్లడానికి అడ్డంగా కొంత, నిలువుగా కొంత కదలాలి. నిలువు కదలికను అడ్డం కదలికతో భాగిస్తే వచ్చేది వాలు. ఏ రెండు బిందువులు తీసుకున్నా ఈ భాగఫలం మారదు. ఎందుకు మారదు? చిన్న అంగ వేసినా పెద్ద అంగ వేసినా ఏర్పడే లంబకోణ త్రిభుజాలు సరూపాలు. సరూప త్రిభుజాల్లో భుజాల నిష్పత్తి ఒక్కటే. యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ ఆరో పుస్తకంలోని విషయం ఇది. సరళరేఖ సమీకరణమంతా ఈ పునాది మీదే నిలబడింది.

ఇప్పుడు ఒక బిందువును కదలకుండా ఉంచుదాం. దాని నిరూపకాలు ఎక్స్₁, వై₁. ఇంకో బిందువును రేఖ మీద స్వేచ్ఛగా తిరగనిద్దాం. దాని నిరూపకాలు ఎక్స్, వై. అది ఎక్కడ ఆగినా స్థిర బిందువు నుంచి నిలువు తేడా వై − వై₁, అడ్డం తేడా ఎక్స్ − ఎక్స్₁. ఈ రెంటి నిష్పత్తి ఎప్పుడూ ఎమ్. కాబట్టి వై − వై₁ = ఎమ్ (ఎక్స్ − ఎక్స్₁). ఇందులో కంఠస్థం చేయాల్సిందేమీ లేదు. ‘ఈ చోటు నుంచి నువ్వు ఎంత పక్కకు జరిగితే దానికి ఎమ్ రెట్లు పైకి జరుగు’ అన్న ఆజ్ఞ ఒక్కటే ఉంది.

ఇక్కడ తరగతిలో తరచుగా దాటేసే ఒక సూక్ష్మం ఉంది. నిష్పత్తిగా, అంటే భాగహారంగా రాసినప్పుడు, తిరిగే బిందువు వచ్చి స్థిర బిందువు మీదే నిలిస్తే ఏమవుతుంది? పైన సున్నా, కింద సున్నా. భాగహారానికి అర్థం పోతుంది. అంటే ఏ బిందువుతో మొదలుపెట్టామో సరిగ్గా ఆ బిందువే రేఖలోంచి జారిపోతుంది. గుణకారంగా మార్చి రాయగానే సున్నా సున్నాకు సమానమై ఆ బిందువు తిరిగి రేఖలో చేరుతుంది. పుస్తకం గుణకార రూపాన్ని ఎంచుకోవడానికి వెనకున్న అసలు కారణం ఇది. ఇదొక్కటి అడిగితే చాలు, పిల్లవాడు సూత్రం అప్పజెబుతున్నాడో, రేఖను చూస్తున్నాడో తెలిసిపోతుంది.

హద్దు కూడా చెప్పుకోవాలి. నిటారు రేఖకు అడ్డం కదలిక లేదు, కాబట్టి వాలు నిర్వచితం కాదు. అక్కడ ఎక్స్ = ఎక్స్₁ అని నేరుగా రాయాలి. సౌష్ఠవ రూపం వెనకున్న ఆలోచన ఈ ఇబ్బందిని తీరుస్తుంది. వాలు అనే ఒక్క సంఖ్యకు బదులు దిశను కొసైన్, సైన్ అనే రెండు సంఖ్యలతో చెబితే నిటారు రేఖ కూడా మిగతావాటి సరసన చేరుతుంది. చోటూ దిశా అన్న మూలభావం మాత్రం చెక్కుచెదరదు.

2. మూడు అధ్యాయాలు కలిసే చోటు

ఏళ్ల తరబడి మన విద్యార్థులు 1బి అని పిలుచుకున్న గణిత పుస్తకాన్ని గుర్తు చేసుకోండి. మొదట బిందుపథం, తరవాత అక్ష పరివర్తన, ఆ తరవాత సరళరేఖ. ఈ వరస యాదృచ్ఛికం కాదు. ఒక నియమానికి కట్టుబడి తిరిగే బిందువు గీసే దారి బిందుపథం. స్థిర బిందువుతో కలిపితే వాలు ఎప్పుడూ ఎమ్ కావాలన్న నియమానికి కట్టుబడిన బిందుపథమే మన సరళరేఖ. ఇక మూలబిందువును ఎక్స్₁, వై₁ దగ్గరికి జరిపితే, కొత్త అక్షాల్లో ఆ రేఖ సమీకరణం ‘వై = ఎమ్ ఎక్స్’ మాత్రమే. వాలు–బిందు రూపంలో కనిపించే ఆ రెండు తీసివేతలు అక్షాలను జరిపిన గుర్తులు. మూడు అధ్యాయాలూ ఈ ఒక్క సమీకరణంలో కలుస్తాయి. కానీ మన తరగతుల్లో మొదటి రెంటినీ చిన్న అధ్యాయాలుగా తొందరగా దాటించి, మూడోదాన్ని సూత్రాల జాబితాగా చెప్పడం పరిపాటి. తీగలు మూడూ తెగ్గొట్టి పందిరి ఎందుకు అల్లుకోలేదని అడగడం లాంటిది ఇది.

ఒక చిన్న లెక్క చేద్దాం. (3, 5) గుండా 2 వాలుతో వెళ్లే రేఖ. వై − 5 = 2 (ఎక్స్ − 3). ఇది రాయగానే మన పిల్లలు ఆగరు. బ్రాకెట్లు విప్పి, అన్నీ ఒకవైపు తెచ్చి, 2ఎక్స్ − వై − 1 = 0 అని ముగిస్తారు. జవాబు అలా ఉంటేనే మార్కులని నేర్పాం మరి. ఆ క్రమంలో పోయిందేమిటో గమనించండి. మొదటి రూపంలో రేఖ ఎక్కడి నుంచి బయల్దేరిందో, ఎటు వెళుతోందో కంటికి కనిపిస్తున్నాయి. చివరి రూపంలో బయల్దేరిన చోటు కనుమరుగైంది. సాధారణ రూపానికి దాని ప్రయోజనాలు దానికున్నాయి. రెండు రేఖల ఖండన బిందువు కనుక్కోవడానికి, ఒక బిందువు నుంచి రేఖకు దూరం లెక్కించడానికి అదే అనువు. అయినా, ప్రతి లెక్కా అక్కడే ముగియాలన్న నియమం మాత్రం పిల్లవాడి చూపును మసకబారుస్తుంది.

ఇదే రేఖను (4, 7) దగ్గర నుంచి చెబితే వై − 7 = 2 (ఎక్స్ − 4) అవుతుంది. (0, −1) దగ్గర నుంచి చెబితే వై + 1 = 2ఎక్స్. చూడ్డానికి మూడూ వేరు, రేఖ ఒక్కటే. కొందరు పిల్లలు జవాబు వెనక పేజీతో కలవలేదని కంగారు పడతారు. ఆ కంగారును పాఠంగా మార్చాలి. రేఖ మీది ఏ బిందువైనా బయల్దేరే చోటుగా పనికొస్తుంది. ఎంచుకునే స్వేచ్ఛ మనది.

ఆ స్వేచ్ఛ విలువ తెలియాలంటే ఇంట్లోని థర్మామీటరు చూడండి. సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లోకి మార్చడానికి తొమ్మిదితో గుణించి, అయిదుతో భాగించి, 32 కలపాలని నేర్చుకున్నాం. ఆ 32 ఎక్కడిది? నీరు గడ్డకట్టే బిందువు (0, 32) నుంచి బయల్దేరాం కాబట్టి వచ్చింది. జ్వరం చూసేటప్పుడు మంచుతో మనకేం పని? ఆరోగ్యవంతుడి ఒంటి వేడి 37 సెల్సియస్, అంటే 98.6 ఫారెన్‌హీట్. ఆ బిందువు దగ్గరే నిలబడదాం. అక్కడి నుంచి సెల్సియస్ ఒక డిగ్రీ పెరిగితే ఫారెన్‌హీట్ 1.8 పెరుగుతుంది. 39 అంటే రెండు డిగ్రీలు ఎక్కువ, 98.6కు 3.6 కలిపితే 102.2. నోటితో తేలిపోయే లెక్క. వాలు–అంతరఖండ రూపం మనల్ని ఎప్పుడూ అక్షం దగ్గరికే వెళ్లి మొదలుపెట్టమంటుంది. వాలు–బిందు రూపమైతే మనకు తెలిసిన చోటే, మనకు అవసరమైన చోటే నిలబడనిస్తుంది.

3. మట్టి పనుల్లోంచి వచ్చిన సమీకరణం

ఇంత తేలికైన సమీకరణం నిరూపక రేఖాగణితం పుట్టినరోజే పుట్టి ఉంటుందనుకుంటాం. చరిత్ర అలా లేదు. రెనే డెకార్ట్ ‘జామెట్రీ’ 1637లో లైడెన్ నగరంలో అచ్చయింది. తులూజ్‌లో న్యాయవృత్తిలో ఉన్న పియెర్ డి ఫెర్మా రాసిన చిన్న గ్రంథం దాదాపు అదే కాలంలో రాతప్రతిగా తిరిగి, ఆయన పోయాక 1679లో అచ్చయింది. మొదటి తరగతి సమీకరణం సరళరేఖను సూచిస్తుందని ఫెర్మా స్పష్టంగా చెప్పాడు. అయినా ఒక బిందువు, ఒక వాలు తీసుకుని రేఖను రాసే పద్ధతి వీళ్లిద్దరి పుస్తకాల్లోనూ నేటి రూపంలో లేదు. వాళ్ల దృష్టంతా వక్రాల మీద ఉంది. సరళరేఖ యూక్లిడ్ కాలం నుంచీ చేతిలో ఉన్నదే. రూళ్లకర్ర పెట్టి గీసే దానికి సమీకరణం ఎందుకన్నది ఆనాటి భావన.

ఆ అవసరం వచ్చింది ఇంజనీర్లకు. గస్పార్ మోంజ్ 1746లో ఫ్రాన్స్‌లోని బోన్ పట్టణంలో ఒక వర్తకుడి ఇంట్లో పుట్టాడు. మెజియేర్‌లోని సైనిక ఇంజనీరింగ్ పాఠశాలలో చేరాడు గానీ, కులీన వంశం కాకపోవడంతో అధికారి శిక్షణ అతనికి దక్కలేదు. నక్షాలు గీసే పనిలో ఉంటూనే, శత్రువు తుపాకులకు కనబడకుండా కోట గోడలు ఎంత ఎత్తున కట్టాలన్న చిక్కు లెక్కను రేఖాగణితంతో సులువుగా తేల్చి చూపించాడు. ఆ పద్ధతిని సైనిక రహస్యంగా దాచారు. తరవాత అదే పాఠశాలలో అతను ఆచార్యుడయ్యాడు.

అలాంటి మోంజ్ 1781 నాటి పారిస్ సైన్స్ అకాడమీ సంపుటంలో, 1784లో అచ్చయిన ఒక పత్రంలో, మట్టి తవ్వకాలు, మెరకల గురించి రాశాడు. ఒకచోట తవ్విన మట్టిని ఇంకోచోట పోయాలి. మొత్తం మోత ఖర్చు కనిష్ఠం కావాలంటే ఏ మట్టి ఎక్కడికి పోవాలి? ఇదీ ప్రశ్న. ఒక బిందువు గుండా ఇచ్చిన వాలుతో వెళ్లే రేఖ సమీకరణాన్ని, రెండు తీసివేతలతో మనం నేడు రాసే తీరులోనే, స్పష్టంగా మొదట రాసినవాడు మోంజే అయి ఉంటాడని గణిత చరిత్రకారులు ఆ కాలపు ఈ రచనను చూపిస్తారు. డెకార్ట్ నుంచి లెక్కిస్తే దాదాపు 150 ఏళ్లు. 1794లో పారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్ మొదలయ్యాక మోంజ్, ఆయన తరం ఆచార్యులు ఈ పద్ధతిని పాఠ్యాంశం చేశారు. మన పాఠ్యపుస్తకాలు ఆ సంప్రదాయానికి వారసులు. ఆ మట్టి మోత ప్రశ్న ఇరవయ్యో శతాబ్దంలో లియొనిద్ కాంతరోవిచ్ చేతిలో మళ్లీ ప్రాణం పోసుకుంది. వనరులను ఉత్తమంగా కేటాయించే సిద్ధాంతానికి చేసిన కృషికి గాను ఆయనకు 1975లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ కథను మన పిల్లలకు చెప్పాలి. ఎందుకంటే సమీకరణం ఇవాళ్టికీ ఆ మట్టి పనుల్లోనే రోజూ పనిచేస్తోంది. మన దగ్గర కాలువ తవ్వే చోటుకో, రోడ్డు వేసే చోటుకో వెళ్లి సైట్ ఇంజనీరును అడగండి. అతను ఛైనేజీ అంటాడు, ఆర్.ఎల్. అంటాడు. ఛైనేజీ అంటే దారి వెంబడి దూరం, ఆర్.ఎల్. అంటే ఒక ప్రామాణిక మట్టం నుంచి కొలిచిన ఎత్తు. ఉదాహరణకు 1,200 మీటర్ల ఛైనేజీ దగ్గర కాలువ అడుగు ఆర్.ఎల్. 50 మీటర్లు అనుకుందాం. అక్కడి నుంచి 200కు 1 చొప్పున పల్లం. 1,500 ఛైనేజీ దగ్గర అడుగు ఎంత ఉండాలి? 300 మీటర్లు ముందుకు జరిగాం, 1.5 మీటర్లు దిగాలి, 48.5. అక్కడ నేల 49.2 మీటర్ల ఎత్తున ఉంటే 0.7 మీటరు కటింగ్. నేల 48.5 కన్నా కిందుంటే ఫిల్లింగ్. ఇందులో మన సమీకరణం మొత్తం ఉంది. బిందువు (1200, 50), వాలు −1/200. రుణ గుర్తు అంటే పల్లమని సైట్‌లో పనిచేసే మేస్త్రీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. రైలు పట్టాల పక్కన కనిపించే గ్రేడియంట్ బోర్డులు కూడా చెప్పేది ఇదే. బోర్డు పాతిన చోటు బిందువు, దాని మీది అంకె వాలు. తరవాతి బోర్డు దాకా దారి ఎత్తంతా ఆ రెంటితో తేలుతుంది.

4. ఆర్యభటుడి ఖండాలు

ఈ ఆలోచన మన దేశానికి ఫ్రాన్స్ నుంచే వచ్చిందా అంటే, అక్షాలు, సమీకరణం అలా వచ్చినవే. ఆర్యభటుడికి నిరూపక అక్షాలు తెలుసని నేను అనడం లేదు. కానీ ఆ సమీకరణంలోని అంకగణితం మన దగ్గర చాలా పాతది.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో జ్యాపట్టిక, అంటే సైన్ పట్టిక, ఉంది. వృత్త వ్యాసార్ధం 3,438 కళలు (డిగ్రీకి 60 కళలు). పాదవృత్తాన్ని 24 భాగాలు చేస్తే ఒక్కో భాగం 225 కళలు. ఆర్యభటుడు ఇచ్చినవి జ్యా విలువలు కావు, వాటి మధ్య తేడాలు, అంటే ఖండాలు. 225, 224, 222, 219, 215 అంటూ సాగి 22, 7తో ముగుస్తాయి. అంటే ప్రతి మెట్టు దగ్గరా ఎంత ఎక్కాలో చెప్పాడు. మన పరిభాషలో, ఒక్కో మెట్టు వాలు ఇచ్చాడు.

పది డిగ్రీలకు జ్యా కావాలనుకుందాం. పది డిగ్రీలంటే 600 కళలు. రెండు మెట్లు ఎక్కితే 450 కళలు, అక్కడ జ్యా 225, 224 కలిపి 449. ఇంకా 150 కళలు మిగిలాయి. తరవాతి ఖండం 222. త్రైరాశికం వేయాలి. 225 కళలకు 222 అయితే 150 కళలకు ఎంత? 148. మొత్తం 597. ఇవాళ కాలిక్యులేటర్ తీసుకుని పది డిగ్రీల సైన్‌ను 3,438తో గుణించి చూడండి. 597.0 వస్తుంది. ఈ లెక్కలో బిందువు (450, 449), వాలు 222/225. త్రైరాశికంలోని ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అనే మూడు పేర్లను మన సమీకరణానికి అన్వయిస్తే, ఫలాన్ని ప్రమాణంతో భాగించగా వచ్చేది వాలు, ఇచ్ఛ అనేది ఎక్స్ − ఎక్స్₁.

బ్రహ్మగుప్తుడు ఇక్కడితో తృప్తిపడలేదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య జ్యా నిజంగా సరళరేఖ వెంట నడవదని గుర్తించి, 665 నాటి ఖండఖాద్యకంలో భోగ్యఖండాన్నే, అంటే రాబోయే ఖండాన్నే, సవరించే సూత్రం ఇచ్చాడు. గడిచిన ఖండాన్నీ రాబోయే ఖండాన్నీ రెంటినీ చూసి, ఆ చోటుకు తగిన వాలు కట్టాలన్నది అందులోని తెలివి. వాలు చోటును బట్టి మారుతుందన్న ఈ గ్రహింపు కలనగణితం వైపు వేసిన గట్టి అడుగు. త్రైరాశికం తెలుగు నేలకు కొత్త కాదు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేసిన నాటి నుంచీ అది మన కరణాల, వర్తకుల లెక్కల్లో ఉంది. అయినా మన బడిలో ఏడో తరగతి నిష్పత్తి లెక్క ఒకచోట, ఇంటర్మీడియట్ సరళరేఖ ఇంకోచోట మిగిలిపోయాయి. రెండూ ఒకటేనని చెప్పే పూచీ గురువుది.

5. వక్రాన్ని తాకిన రేఖ

వాలు–బిందు రూపాన్ని రూపాల్లో ఒకటిగా కాక మూలంగా నేర్పాలనడానికి నాకున్న అతిపెద్ద కారణం అవకలనం. వక్రానికి ఒక బిందువు దగ్గర స్పర్శరేఖ గీయాలంటే మన చేతికి అందేవి ఏవి? వక్రం మీది బిందువు, అక్కడి అవకలజం ఇచ్చే వాలు. ఈ రెండే. వాలు–బిందు రూపం తప్ప ఇంకే రూపమూ అక్కడ సహజంగా సరిపోదు. వక్రాన్ని ఆ బిందువుకు చాలా దగ్గరగా చూస్తే అది స్పర్శరేఖలాగే కనిపిస్తుంది. కలనగణితం బలమంతా అందులోనే ఉంది.

రెండుకు వర్గమూలం లెక్కిద్దాం. ఎక్స్ వర్గంలోంచి 2 తీసివేసిన వక్రం అడ్డం అక్షాన్ని ఎక్కడ ఖండిస్తుందో అదే మనకు కావాలి. ఆ వక్రానికి ఏ చోటైనా వాలు 2ఎక్స్. మొదటి ఊహగా 4/3 తీసుకుందాం. దాని వర్గం 16/9, రెండుకు 2/9 తక్కువ. అంటే వక్రం అక్షానికి 2/9 కింద ఉంది, అక్కడి వాలు 8/3. స్పర్శరేఖ వెంట నడిస్తే అక్షం చేరడానికి 2/9ను 8/3తో భాగించినంత, అంటే 1/12, ముందుకు జరగాలి. కొత్త ఊహ 17/12. దాని వర్గం 289/144, ఈసారి 1/144 ఎక్కువ. వాలు 17/6. వెనక్కి జరగాల్సింది 1/408. కొత్త విలువ 577/408, దశాంశాల్లో 1.4142157. అసలు విలువ 1.4142136. రెండే అడుగుల్లో అయిదు దశాంశ స్థానాల దాకా సరిపోయింది. న్యూటన్–రాఫ్సన్ పద్ధతి అని ఇంజనీరింగ్ విద్యార్థులు చదివేది దీన్నే.

ఇప్పుడు బౌధాయన, ఆపస్తంబ శుల్బసూత్రాల్లో ఇదే విలువకు ఇచ్చిన విధానం చూడండి. కొలతకు దాని మూడో వంతు కలపాలి, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలపాలి, ఆ నాలుగో వంతులో ముప్పై నాలుగో వంతు తీసేయాలి. ఒకటికి 1/3 కలిపితే 4/3. తరవాత కలిపేది 1/12. తీసేసేది 1/408. మన స్పర్శరేఖలు ఇచ్చిన సవరణలు సరిగ్గా ఇవే. యజ్ఞవేదికలు కట్టినవాళ్లు స్పర్శరేఖలు గీశారని దీని అర్థం కాదు. చతురస్రాల వైశాల్యాలను కోసి అతికించే పద్ధతిలో వాళ్లు ఈ విలువకు చేరి ఉంటారని పండితుల అభిప్రాయం. చతురస్రం పక్కన అతికే సన్నని పట్టీ వెడల్పును లెక్కించినా, స్పర్శరేఖ వెంట నడిచినా వచ్చే భాగహారం ఒక్కటే. మిగిలిన కొరతను, భుజానికి రెట్టింపుతో భాగించడం. రెండు వేర్వేరు దారులు ఒకే సంఖ్య దగ్గర కలవడం గణితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. దాన్ని పిల్లలకు చూపకుండా సరళరేఖ అధ్యాయం ముగించడం వాళ్లకు అన్యాయం.

6. రేఖను ఎంతవరకు నమ్మాలి

సమీకరణం తెలిసినవాడికి దాని హద్దులూ తెలియాలి. అంతర్జాతీయ ప్రామాణిక వాతావరణ నమూనా ప్రకారం సముద్ర మట్టం దగ్గర 15 సెల్సియస్, పైకి పోయేకొద్దీ కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున తగ్గుదల. బిందువు (0, 15), వాలు −6.5. విశాఖ తీరానికీ సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకుకూ మధ్య ఆరు డిగ్రీల దాకా తేడా ఉండాలని ఈ వాలు చెబుతుంది. అరకు వెళ్లిన ఎవరికైనా ఆ చల్లదనం అనుభవమే. 11 కిలోమీటర్ల ఎత్తున ఇదే రేఖ −56.5 ఇస్తుంది. అక్కడిదాకా నమూనా కూడా ఒప్పుకుంటుంది. 15 కిలోమీటర్లకు పొడిగిస్తే −82.5 వస్తుంది. కానీ ఆ నమూనాలో 11 నుంచి 20 కిలోమీటర్ల దాకా ఉష్ణోగ్రత −56.5 దగ్గరే ఉంటుంది. వాలు మారిపోయింది. పాత రేఖ అబద్ధమాడటం మొదలుపెట్టింది.

ధరల మీద, దిగుబడుల మీద, జనాభా మీద రోజూ అంచనాలు వింటుంటాం. వాటిలో చాలావాటి అడుగున ఒక బిందువు, ఒక వాలు ఉంటాయి. ఈ ఏడు ఇంత, ఏటా ఇంత పెరుగుతోంది, కాబట్టి పదేళ్లకు అంత. ఇలాంటి మాట విన్నప్పుడు మనం అడగాల్సినవి రెండే. బయల్దేరిన బిందువును ఎందుకు ఎంచుకున్నారు? ఆ వాలు అక్కడిదాకా అలాగే ఉంటుందని ఎలా తెలుసు? ఏదైనా ఒక చెడ్డ సంవత్సరాన్ని బయల్దేరే చోటుగా పెట్టుకుంటే తరవాత వచ్చేదంతా అభివృద్ధిలాగే కనిపిస్తుంది. వాలు–బిందు రూపం బాగా వంటబట్టిన పౌరుడికి ఈ కిటుకు పట్టుకోవడం కష్టం కాదు. గణితం చదివించడంలోని ప్రజాప్రయోజనం అంటే ఇదే.

7. తరగతికి నా విన్నపం

మన ప్రవేశ పరీక్షల్లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించే పద్ధతిలో తరాలు పెరిగాయి. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైచిలుకు. ఆ ఒత్తిడిలో అడ్డదారి సూత్రాలు పుట్టడం సహజం, వాటిని నేర్పే అధ్యాపకులను నేను తప్పుపట్టను. వాళ్లూ పిల్లల మేలు కోరే చేస్తున్నారు. కానీ ఒక్క మూలం బాగా తెలిసినవాడికి ఆరు సూత్రాలు గుర్తుపెట్టుకునే బరువు తగ్గుతుందన్నది కూడా నిజం. రెండు బిందువులు ఇచ్చారా? వాటితో వాలు కట్టు, ఒకదాని దగ్గర నిలబడు. అంతరఖండాలు ఇచ్చారా? అవీ రెండు బిందువులే. అభిలంబం పొడవు, కోణం ఇచ్చారా? అభిలంబ పాదమే బిందువు, అభిలంబానికి లంబంగా ఉండే దిశే వాలు. అన్నీ ఒక్క చోటికే వస్తాయి. వేగం కూడా అక్కడే ఉంది.

కాబట్టి అధ్యాపక మిత్రులను మూడు పనులు కోరుతున్నాను. మొదటిది, సరళరేఖ పాఠాన్ని బిందుపథంతో, అక్ష పరివర్తనతో ముడిపెట్టి మొదలుపెట్టండి. సూత్రాన్ని పిల్లలే చేరుకుంటారు. రెండోది, జవాబును సాధారణ రూపంలోకి మార్చమని ప్రతిసారీ అడగకండి. వై − 5 = 2 (ఎక్స్ − 3) దగ్గర ఆగి, ఈ రేఖ ఎక్కడి నుంచి ఎటు పోతోందో మాటల్లో చెప్పమనండి. మూడోది, ప్రశ్నపత్రంలో ఏడాదికి ఒక్కసారైనా, బిందువును ఎంచుకునే పనిని విద్యార్థికే వదిలి, ఆ ఎంపికకు కారణం రాయమనండి.

ఈ ధర్మనిధి నిర్వాహకులకు కూడా ఒక మాట. మాస్టారి పేరిట ఇచ్చే బహుమతిని అత్యధిక మార్కులకు కాక, చుట్టుపక్కల కాలువలో, రోడ్డులో, వాతావరణంలో, సంత ధరల్లో ఒక బిందువునూ ఒక వాలునూ తానే కొలిచి, సమీకరణం రాసి, అది ఎక్కడిదాకా నిజమో పరీక్షించిన విద్యార్థికి ఇస్తే బాగుంటుంది. అలా కొలిచిన పిల్లవాడు రేపు ఇంజనీరైనా, రైతైనా, ఉపాధ్యాయుడైనా, తన ముందుకు వచ్చిన ప్రతి అంచనానూ బిందువు ఏది, వాలు ఏది అని అడుగుతాడు. మాస్టారు తయారుచేయాలనుకున్నది అలా అడిగే మనుషులను. ఆ పని మన చేతుల్లో ఉంది, ఈ ఏడాది నుంచే మొదలుపెడదాం.